ఏ రాత్రి ఏ ఇంట్లో

2025 సంక్రాంతి సెలవులకి చేజర్ల వెళ్ళినప్పుడు మా అక్క కొడుకు పంచలో కూర్చుని కెనడా పీఆర్ ఫారం నింపుతున్నాడు. ల్యాప్‌టాప్ నవారు మంచం మీద, వాడు చాప మీద. నన్ను చూడగానే, “మామా, అయిపోయినట్టే. అడ్రసులొకటి చూసి చెప్పు,” అన్నాడు.

చూశాను. గత పదేళ్ళలో ఉన్న చిరునామాలన్నీ రాయమంటే వాడు రాసింది ఒకే ఒక్క వరస. చేజర్ల, నెల్లూరు జిల్లా. మొదలు 2015. చివర ‘ఇప్పటివరకు’.

“ఇదేందిరా? ఈ పదేళ్ళలో నువ్వు ఈ ఊళ్ళో యాడుండావు?”

“మనది చేజర్లే గదా మామా.”

వాణ్ణి తప్పుపట్టలేం. బస్సులో పక్క సీటాయన “మీదే ఊరు?” అంటే ఇరవై ఏళ్ళుగా బెంగళూరులో కాపురముంటున్న మనిషి కూడా “ఉదయగిరి దగ్గరండీ” అనే చెప్తాడు. అబద్ధమనుకోడు, అవతలాయనా అనుకోడు. మన భాషలో ఆ ప్రశ్న వేళ్ళ గురించి. ఊరి పేర్లే ఇంటిపేర్లయి కూర్చున్న జాతి మనది. చేజర్ల అనే ఇంటిపేరున్న వాళ్ళలో చేజర్ల మొహం చూడనివాళ్ళు ఎందరో.

ఫారానికి వేళ్ళతో పనిలేదు. దాని ప్రశ్నని తెలుగులోకి దించితే ఇంతే: ఏ రాత్రి ఏ ఇంట్లో పడుకున్నావు? ఆధార్ మీద ఏ ఊరుంది, ఓటెక్కడ, పొలమెక్కడ అన్నవి వేరే గళ్ళలో వస్తే వస్తాయి. చిరునామాల గడిలో మాత్రం పక్క ఎక్కడ వేసుకున్నామన్నదే లెక్క. ఈ ఒక్కటీ బుర్రకెక్కితే సగం పని అయినట్టే. తక్కిన సగం కోసం ఈ అధ్యాయం.

ఎంత వెనక్కి వెళ్ళాలన్నది దేశాన్నిబట్టి, ఫారాన్నిబట్టి ఉంటుంది. కెనడా శాశ్వత నివాసానికి పదేళ్ళు, లేదా పద్ధెనిమిది నిండినప్పటి నుంచి, ఈ రెండింట్లో ఏది దగ్గరైతే అది. మావాడికి పద్ధెనిమిది నిండింది 2015 ఆగస్టులో, కాబట్టి వాడి ఇంటర్ హాస్టల్ గొడవ తప్పింది. ఆస్ట్రేలియా వాళ్ళ ఎనభయ్యో నంబరు ఫారం కూడా పదేళ్ళే అడుగుతుంది. అమెరికా పౌరసత్వానికి పెట్టుకునే ఎన్-400లో ఐదేళ్ళు. అందరికంటే లోతుగా తవ్వేది అమెరికా ఇమ్మిగ్రెంట్ వీసాకి నింపే డీఎస్-260. పదహారో ఏటి నుంచి ఉన్న చోట్లన్నీ చెప్పమంటుంది. పాతికేళ్ళ కుర్రాడికి అది తొమ్మిదేళ్ళ కథ. కూతురు పిలిపించుకుంటున్న అరవై ఏళ్ళ తల్లికి నలభై నాలుగేళ్ళ పురాణం. ఫారాలు మారుతుంటాయి కాబట్టి నింపే రోజున దాని మీదున్న సూచన చదువుకోండి. ఎవరో పోయినేడాది నింపినదాన్ని ముందుపెట్టుకుని కూర్చోవద్దు.

చాలామంది చేసే పొరపాటు మొదట్లోనే ఉంటుంది. ఫారం తెరిచి, మొదటి గడిలో కర్సర్ పెట్టి, కళ్ళు మూసుకుని, “2017లో ఎక్కడున్నానబ్బా” అని బుర్రని పిండుతారు. బుర్రలో సంవత్సరాల వారీగా అరలు లేవు. డోర్ నంబరుకి అసలే చోటు లేదు. అక్కడ ఉండేవి వేరే. ఓనరు ఆంటీ రాత్రి పదింటికి గేటుకి తాళం వేసేది. పై వాటాలో ఎవరో హార్మోనియం నేర్చుకునేవాళ్ళు. బాత్‌రూమ్ తలుపు గెడ పడేది కాదు. మెదడు జాగ్రత్తగా దాచుకున్న సరుకు అదీ. దాన్నే ముందు బయటికి లాగాలి. నంబరు దాని తోక పట్టుకుని వస్తుంది.

ల్యాప్‌టాప్ మూయించాను. మా అక్క పాల లెక్క రాసుకునే పొడుగు నోటుబుక్కులో వెనక నాలుగు పేజీలు చించుకున్నాం. ఎడమపక్క 2015 నుంచి 2025 దాకా ఏళ్ళు వేశాను. పక్కన ఇళ్ళ పేర్లు రాయనివ్వలేదు. ముందు వానలు, ఓట్లు, చావులు, పెళ్ళిళ్ళు రాయమన్నాను. సర్వేలు చేసేవాళ్ళు దీన్ని జీవిత క్యాలెండర్ అంటారు. మా అక్కకి ఆ పేరు తెలీదుగానీ పద్ధతి పుట్టుకతో వచ్చింది.

“2015 నవంబరు వానలప్పుడు యాడున్నావురా?”

“కాలేజీ హాస్టల్లో. మెస్సులోకి నీళ్ళొస్తే మూడ్రోజులు ఉప్మానే.”

మొదటి వరస తేలింది. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయినప్పుడో? వాడికి నవ్వొచ్చింది. అప్పటికి నలుగురు స్నేహితులు కలిసి నెల్లూరు వేదాయపాళెంలో గది తీసుకున్నారు. అద్దెకి పాత ఐదొందల నోట్లు ఇస్తే ఓనరు పట్టుకోనన్నాడట. నలుగురూ వంతులేసుకుని బ్యాంకు లైన్లో నిలబడ్డారు. అంటే ఆ నవంబరు కంటే ముందే ఆ గదిలో చేరారు. ఎంత ముందు? రెండో సంవత్సరం క్లాసులు మొదలైనప్పుడు. అది ఫీజు రశీదులో దొరుకుతుంది. ఇంతకుముందు వాడు ఆ గదిలో 2017లో చేరానని ఒట్టేసి చెప్పినవాడే.

ఇలాంటి గుర్తురాళ్ళు ఎవరి ప్రాంతానికి వాళ్ళకుంటాయి. మావైపు వాళ్ళకి వైఎస్ హెలికాప్టర్ గల్లంతైన 2009 సెప్టెంబరు 2 ఒకటి, ఆ రోజు టీవీ ఏ ఇంట్లో చూశారో మర్చిపోయినవాళ్ళు తక్కువ. 2020 మార్చి 22 జనతా కర్ఫ్యూ. 2021 నవంబరులో పెన్న పొంగి నెల్లూరు దగ్గర హైవే మీద రాకపోకలు ఆగిపోయిన రోజులు. 2022 జూన్ 23 ఆత్మకూరు ఉప ఎన్నిక. మీది గోదావరి పక్కయితే 2015 జులై పుష్కరాలు, బెజవాడైతే 2016 ఆగస్టు కృష్ణా పుష్కరాలు.

ఒక్క రొట్టెల పండగతో మాత్రం జాగ్రత్త. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర జరిగే ఆ పండగ మొహర్రంతో పాటు వస్తుంది, కాబట్టి ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంటుంది. 2016లో అక్టోబరు నడుమన వచ్చింది, 2023లో జులై చివర్లో. “రొట్టెల పండగ అయిన వారానికి ఇల్లు మారాం” అని ఎవరన్నా అంటే ఏ ఏడాదని గట్టిగా అడగండి. ఏడాది తెలిస్తే నెల క్యాలెండరే చెప్తుంది. సంక్రాంతి, ఉగాదులతో ఈ చిక్కు లేదు.

వాడి కథలో అసలు ముడి 2020 దగ్గర పడింది. ఆ జనవరిలో బెంగళూరులో ఉద్యోగం వచ్చి మారతహళ్ళిలో పీజీలో చేరాడు. జనతా కర్ఫ్యూ ముందురోజు సాయంత్రం ఆత్మకూరు బస్టాండులో దిగాడు. వారంలో వెనక్కి వెళ్తాననుకున్నాడు. పెట్టె, పరుపు పీజీలోనే ఉన్నాయి కాబట్టి ఏప్రిల్, మే అద్దెలు కూడా పంపాడు. ఆ తర్వాత పంపడం మానేశాడు, పెట్టెని ఎవరో స్నేహితుడు పట్టుకెళ్ళాడు. ఆఫీసు మాత్రం బెంగళూరే, జీతం స్లిప్పు మీద బెంగళూరే.

“బెంగళూరనే రాస్తా మామా. జీతం కాయితాలతో కలిసిపోద్ది.”

ఎంతమందిని ఈ ఆలోచన పక్కదారి పట్టించిందో. కాగితాలతో కలవడానికి బతుకుని దిద్దకూడదు. పడుకున్నది మా అక్క ఇంట్లో, సిగ్నల్ కోసం ఎక్కింది మా అక్క మిద్దె. ఉద్యోగం గడిలో బెంగళూరు, చిరునామా గడిలో చేజర్ల. రెండూ నిజాలే. లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి పనిచేశానని అదనపు వివరాల్లో ఒక వాక్యం రాస్తే చాలు. ఆ రెండేళ్ళు ప్రపంచమంతా అలాగే ఉందని ఆ ఫారం చదివే అధికారికీ తెలుసు.

మరి తిరిగి ఎప్పుడు వెళ్ళాడు? “2021 మధ్యలో” అన్నాడు వాడు. వంటింట్లోంచి మా అక్క గరిటె పట్టుకునే వచ్చింది.

“ఏం మధ్యలోరా? పెన్న పొంగినప్పుడు నువ్విక్కడే గదా ఉండావు. నెల్లూరు ఆస్పత్రికి పోవాల్సినోళ్ళం దారి లేక ఆగిపోలా? మన చిన్న బర్రె ఈనింది గూడా అప్పుడే.”

అంటే నవంబరు దాకా ఇక్కడే. ఉప ఎన్నికకి ఓటెయ్యడానికి బెంగళూరు నుంచి వచ్చినట్టు వాడికే గుర్తుంది. కాబట్టి వెళ్ళింది ఆ రెంటికీ నడుమ. ఫోన్‌లో యూపీఐ చరిత్ర వెనక్కి జరిపితే 2022 ఫిబ్రవరిలో కొత్త ఓనరుకి పంపిన అడ్వాన్సు కనబడింది. ఆరు నెలలకు పైగా తేడా. బర్రె లేకపోతే ఆ తేడా అలాగే కెనడా వెళ్ళిపోయేది.

తల్లుల జ్ఞాపకాన్ని తక్కువ చూడొద్దు. ఏ తేదీనీ తేదీగా చెప్పలేకపోవచ్చు. కానీ వాళ్ళ దగ్గర వరస తప్పదు. నీకు అమ్మవారు పోసింది ఆ ఇంట్లో, మీ నాయన బోరు వేయించింది దానికి ముందు, పెద్దమ్మ పోయింది తర్వాత. మనకి తేదీలుండి వరస ఉండదు, వాళ్ళకి వరస ఉండి తేదీలుండవు. రెండూ కలిస్తేనే లెక్క. గదిలో కలిసి ఉన్న స్నేహితులకి కూడా ఫోన్ చేయండి. నలుగురిలో ఒకడు ఎప్పుడూ లెక్కలు రాసే బాపతు ఉంటాడు. కరెంటు బిల్లు నాలుగు భాగాలు చేసి పంపిన మెసేజి వాడి దగ్గర ఇంకా ఉంటుంది.

ఒక మాట మాత్రం అందరికీ వర్తిస్తుంది. దగ్గరి కాలం విషయంలో మన అంచనా ఒక పక్కకే వాలుతుంది. 1964లో జాన్ నెటర్, జోసెఫ్ వాక్స్‌బర్గ్ అనే అమెరికన్ గణాంక నిపుణులిద్దరు, ఇంటి మరమ్మతులకి ఎంత ఖర్చుపెట్టారని జనాన్ని అడిగితే వచ్చే జవాబుల్లో పొరపాట్లు ఎక్కడున్నాయో పరిశీలించారు. ఎప్పుడో అయిన ఖర్చుని కూడా జనం ఈమధ్యే అయిందని చెప్తున్నట్టు తేలింది. దుర్భిణిలోంచి చూస్తే దూరపు కొండ దగ్గరికొచ్చినట్టు. ఇప్పుడున్న గదిలోకి మారి “ఏడాది కూడా కాలా” అన్నాడు మావాడు. అద్దె అగ్రిమెంటు తీస్తే 2023 ఫిబ్రవరి. రెండేళ్ళు నిండవస్తున్నాయి. కాబట్టి “మొన్న మొన్ననే” అని నోట్లోంచి వస్తే అక్కడ కాగితం చూడాల్సిందే.

కాగితాల సంగతి

కాగితాలు మూడు చోట్ల వెతకండి. ఇనప్పెట్టె, ఫోను, ఇతరుల రికార్డు.

ఇనప్పెట్టెలో దొరికేవి మీకు తెలిసినవే: టీసీలు, హాల్‌టికెట్లు, ఎల్ఐసీ బాండు, గ్యాస్ పుస్తకం. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో స్థానికత కోసం చూపించిన స్టడీ సర్టిఫికెట్ల జిరాక్సులుంటే పారేయకండి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏ ఏడు ఏ ఊళ్ళో చదివారో వరసగా అందులో ఉంటుంది. పదహారో ఏటి నుంచి చెప్పాల్సిన వాళ్ళకి అదొక పెన్నిధి. పాత పాస్‌పోర్టులు అంతకంటే. గడువు అయిపోయిందని మూల పడేస్తారు గానీ చివరి పేజీలో అప్పటి చిరునామా, మొదటి పేజీలో ఇచ్చిన తేదీ ఉంటాయి. అంతకంటే గట్టి రుజువు మన ఇళ్ళల్లో ఇంకోటి ఉండదు.

అద్దె అగ్రిమెంట్లు మన దేశంలో ఎక్కువగా పదకొండు నెలలకే రాసుకుంటారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన కౌలు పత్రానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి, ఆ బెడద లేకుండా ఒక నెల తగ్గిస్తారు. మనకి దానివల్ల ఒక లాభం. ఒకే ఇంట్లో మూడేళ్ళుంటే మూడు నాలుగు అగ్రిమెంట్లుంటాయి, మధ్యలో ఒకటి పోయినా మిగతావాటితో దాన్ని లెక్కగట్టొచ్చు.

ఫోన్‌లో అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ పాత ఆర్డర్లు తెరిచి చూడండి. ఏ తేదీన ఏ ఇంటికి పార్సిల్ వచ్చిందో పిన్‌కోడ్‌తో సహా ఉంటుంది. బియ్యం కుక్కరు కొన్న తేదీకి అటూ ఇటూగానే బ్రహ్మచారి గది మారి ఉంటాడు, ఇది నా సొంత పరిశోధన. స్విగ్గీలో దాచిన చిరునామాల్లో డెలివరీ కుర్రాడికి చెప్పిన గుర్తులు కూడా ఉంటాయి. మావాడి అమీర్‌పేట హాస్టల్ పేరు అలాగే దొరికింది. వాడికి గుర్తున్నదల్లా “సత్యం థియేటర్ వెనక, మెట్లు ఇరుగ్గా ఉండే బిల్డింగు” అన్నంతే. కోచింగ్ కోసం అక్కడ చేరేవాళ్ళు నాలుగైదు నెలలు ఉండి వెళ్ళిపోతారు, హాస్టళ్ళు కూడా పేర్లు మార్చుకుంటూ ఉంటాయి. బిల్డింగు పక్కన ఏముందో గుర్తుంటే గూగుల్ మ్యాపులో వీధిలోకి దిగి వెతకండి. 2022 జులై నుంచి హైదరాబాద్, బెంగళూరు, చెన్నై వీధులు స్ట్రీట్ వ్యూలో ఉన్నాయి.

ఇతరుల రికార్డంటే బ్యాంకుది, ఆధార్‌ది, ఓటర్ల జాబితాది. ఆధార్‌లో ఎప్పుడెప్పుడు ఏ మార్పు చేయించారో ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. అయితే వాటిని చిరునామాకి ఆధారంగా కాక ఆనవాలుగా వాడండి. మన ఓటు మనతో పాటు ఇల్లు మారదు.

సిగ్గుపడే నెలలు

చిరునామాల్లో ఖాళీలు ఎక్కువగా మరుపు వల్ల వస్తాయనుకుంటాం. నేను చూసినంతలో సిగ్గు వల్ల వచ్చేవే ఎక్కువ. మావాడు 2019 మే, జూన్ నెలలు దాటవేశాడు. బీటెక్ అయిపోయి, ఉద్యోగం లేక, ఇంట్లో పడి ఉన్న రోజులు. “అవెందుకు మామా, ఖాళీగా ఉన్నా గదా” అన్నాడు. ఖాళీగా ఉన్నా ఎక్కడో ఒకచోట ఉన్నావు కదా? కెనడా వాళ్ళు నెల నెలా లెక్క చూస్తారు, సందు వదలొద్దని ఫారంలోనే చెప్తారు. ఉద్యోగం లేదని రాయడం నేరం కాదు. ఆ రెండు నెలలు పక్క వరసలోకి సాగదీసి కప్పేస్తే మాత్రం, పక్క వరస తాలూకు రశీదు ఎప్పుడన్నా బయటపడ్డప్పుడు అది వేరే పేరుతో కనబడుతుంది.

ఆ వేరే పేరు ‘తప్పుడు సమాచారం’, దాని ఫలితమేమిటో కూడా తెలిసి ఉండాలి. తెలిసి, ముఖ్యమైన విషయంలో తప్పు చెప్పారని తేలితే కెనడాలో ఐదేళ్ళ నిషేధం. ఆస్ట్రేలియాలో మూడేళ్ళు వీసాలు ఆగిపోవచ్చు. అమెరికా చట్టంలో ఆ ముద్రకి కాలపరిమితే లేదు. భయపెట్టడానికి చెప్పడం లేదు. నెల అటూ ఇటూ అవడం వేరు, కావాలని మార్చడం వేరు. తేదీ కచ్చితంగా తెలియకపోతే మీకు బాగా తోచింది రాసి, వివరాల గడిలో ‘సుమారుగా’ అనండి. ఫారం నింపిపెట్టే ఏజెంటు “పదేళ్ళకీ ఒకటే వేసేద్దాం, ఎవరు చూస్తారు” అంటే మాత్రం లేచి వచ్చేయండి. కింద సంతకం మీది.

ఇంకో చిన్న సంగతి, అమెరికా ఫారాల్లో చేతులు కాల్చుకున్నవాళ్ళు చెప్పేది. అక్కడ నెల ముందు, రోజు తర్వాత. 05/06 అంటే మనకి జూన్ ఐదు, వాళ్ళకి మే ఆరు. నోటుబుక్కులో నెలల్ని అంకెల్లో కాక పేర్లతో రాసుకుంటే ఈ గొడవ ఉండదు.

ఉదయగిరి పక్క నుంచి ఒకావిడ

కుర్రవాళ్ళ సంగతి సరే. ఉదయగిరి పక్క పల్లె నుంచి ఒకావిడ, మాకు దూరపు చుట్టం, వరసకి వదిన, డీఎస్-260 కోసం వచ్చింది. కూతురు అమెరికా పౌరురాలై తల్లిని పిలిపించుకుంటోంది. ఆవిడ చేతిలో ప్లాస్టిక్ సంచీ, అందులో మూడు పాస్‌పోర్టులు.

పదహారో ఏటికి పుట్టింట్లో ఉంది. పద్ధెనిమిదికి మెట్టినింటికి వచ్చింది. కాన్పులకి రెండుసార్లు పుట్టింటికి వెళ్ళి ఐదేసి నెలలు ఉండి వచ్చింది. అవి రాయాలా అని అడిగింది. వెనక్కి వస్తానన్న లెక్కతో వెళ్ళినవి చుట్టపుచూపులే, అప్పటికి ఆవిడ ఇల్లు మెట్టినిల్లే అని నేను చెప్పాను. ఆ తర్వాత మొగుడి అప్పు తీరక కువైట్ వెళ్ళింది, ఇళ్ళల్లో పనికి. మావైపు ఈ కథ గడపకొకటి. కువైట్‌లో పదకొండేళ్ళలో ముగ్గురు సేట్ల ఇళ్ళు.

“సాల్మియా. సముద్రం పక్క. మూడంతస్తుల మిద్దె. వంటింటి కిటికీలోంచి మసీదు కనబడేది,” అంది. ఆవిడకి ఆ ఇంటి నంబరు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, ఒంటరిగా వాకిలి దాటితే కదా. అక్కడి చిరునామాలో ఏరియా, బ్లాకు, వీధి, ఇల్లు అనే వరస ఉంటుంది. పాత సివిల్ ఐడీ కార్డు ఉందేమో చూడమన్నాను. పాస్‌పోర్టు అట్టలో మడిచిపెట్టిన జిరాక్సు ఒకటి దొరికింది, అందులో రెండో ఇల్లు తేలింది. మొదటి, మూడో ఇళ్ళకి ఏరియా పేరు, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా అన్నంతవరకే. అకామా, అంటే నివాస అనుమతి, ముద్రల తేదీలు పట్టుకుని సంవత్సరాలు సరిచేశాం. అంతకంటే కచ్చితంగా ఉన్నట్టు నటించలేదు. ఏడాదికి మించి ఉన్న దేశం నుంచి పోలీసు సర్టిఫికెట్ అడుగుతారు కాబట్టి, ఆవిడ కువైట్ పేరు దాచి ఉంటే ఇంకా చిక్కయ్యేది. ఎవరో దాచమని సలహా ఇచ్చారట కూడా.

ఆవిడ పెళ్ళినాటి కాగితం ఒకదాని మీద ‘ఉదయగిరి తాలూకా’ అని ఉంది. 1985లో మండలాలు వచ్చాక ఆ మాట పోయింది. ఇదొక తలనొప్పి, ఎందుకంటే మనం కదలకుండా కూర్చున్నా మన చిరునామా కదులుతూ ఉంటుంది. నెల్లూరు జిల్లా 2008లో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అయింది. గూడూరు 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. 2012లో హైదరాబాద్‌లో ఉన్నవాడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నట్టు, 2014 జూన్ 2 తర్వాత అదే గదిలో పడుకున్నా తెలంగాణలో ఉన్నట్టు. దేని పేరు రాయాలి? నా పద్ధతి ఒకటే: ఇవాళ ఆ ఇంటికి ఉత్తరం వేస్తే ఏ పేరుతో చేరుతుందో అది. పాత కాగితంలో వేరే పేరుంటే, జిల్లా మారిందని ఒక ముక్క పక్కన రాస్తే సరి.

పేర్లు కవలలైతే పిన్‌కోడే దిక్కు. చేజర్లలే రెండున్నాయి. కపోతేశ్వరాలయం ఉన్న చేజర్ల పల్నాడుది, మాది పెన్న పక్కది. ఆత్మకూర్లయితే నెల్లూరులో ఒకటి, నంద్యాల జిల్లాలో ఒకటి, వనపర్తిలో ఒకటి, అనంతపురంలో ఇంకోటి. నెల్లూరు వైపు పిన్‌కోడ్లు 524తో మొదలవుతాయి కాబట్టి మొదటి మూడంకెలు చూసినా తప్పు పట్టుకోవచ్చు. పిన్‌కోడ్ పోస్టాఫీసుదిగాని ఊరిది కాదని గుర్తుంచుకుని తపాలా శాఖ సైట్లో సరిచూసుకోండి. ఇంగ్లీషు స్పెల్లింగుకి పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే. చేజర్ల, చేజెర్ల రెండు రకాలుగానూ రాస్తారు మా ఊరిని. ఒకే ఫారంలో రెండూ వాడితే అది రెండు ఊళ్ళు.

నింపడం అయ్యాక ప్రతి పేజీనీ పీడీఎఫ్‌గా దాచుకుని మెయిల్‌లో మీకు మీరే పంపుకోండి. ఇంకో నాలుగేళ్ళకి ఇంకో ఫారం ఇదే ప్రశ్న అడిగినప్పుడు, ఇవాళ్టి జవాబుకి అది అచ్చంగా సరిపోవాలి. పొడుగు నోటుబుక్కు పేజీలు కూడా అందులో ఫోటో తీసి పెట్టండి. ఇకముందు ఇల్లు మారినప్పుడల్లా తాళం చేతికొచ్చిన రోజునే ఆ పేజీ కింద ఒక వరస.

మావాడికి ఒక్క వరస తొమ్మిదయింది. నెల్లూరులో మూడు, చేజర్లలో రెండు విడతలు, అమీర్‌పేట, మారతహళ్ళి పీజీ, ఆ తర్వాత బెంగళూరులోనే రెండు గదులు. దీపాలు పెట్టే వేళయింది. అన్నీ అయ్యాయనుకుని మొదటినుంచి చదువుతుంటే చేజర్ల వరసలో డోర్ నంబరు గడి ఖాళీగా కనబడింది. ముప్ఫై ఏళ్ళ నుంచి ఉంటున్న ఇల్లు. వాడు నా మొహం చూశాడు, నేను అక్క మొహం చూశాను.

“నంబరెందుకు, పోస్టాయన పేరు చూసే ఇస్తాడు,” అంది అక్క.

ముగ్గురం వాకిట్లోకి వెళ్ళాం. ద్వారబంధం పైన పంచాయతీ వాళ్ళు ఎప్పుడో వేసిన నంబరుంది. దాని మీద సంక్రాంతి సున్నం, ఆ సున్నం కింద ఇంకో పాత నంబరు. మొదట 2, గీత, తర్వాత 4, ఆ పక్క అంకె 3లా ఉంది, 8లా కూడా ఉంది. అక్క పైట చెంగు తడిపి రుద్దింది. వాడు ఫోన్ లైటు వేసి పట్టుకున్నాడు. “ఇంటి పన్ను రశీదు బీరువాలో ఉంది, మీ నాయన్ని నిద్ర లేపు,” అంది.